నల్ల తెర మీద రంగు అక్షరాలు



జనగామ నుంచి సూర్యాపేట పోయే రోడ్డు మీద ఉంటుంది దేవరుప్పుల. ఆ మండలంలోని కడవెండి, కోలుకొండ, సింగరాజుపల్లి లాంటి ఊళ్ల నుంచి డిగ్రీకో, పాలిటెక్నిక్‌కో, ఇంజినీరింగ్‌కో వెళ్లిన విద్యార్థికి కంప్యూటర్ ల్యాబులో మొదట ఎదురయ్యేది ఒక నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. దాన్ని కన్సోల్ అంటారు, టెర్మినల్ అనీ అంటారు. అందులో బటన్లు ఉండవు, బొమ్మలు ఉండవు. మొదటి ప్రోగ్రాం ఆ తెర మీద ఒక పలకరింపు రాస్తుంది. రెండోది రెండు అంకెలు కూడుతుంది. మూడోది ఎక్కం రాస్తుంది. నెలలు గడిచినా ఆ తెర తీరు మారదు. అడిగే ప్రశ్న తెలుపే, వచ్చే జవాబు తెలుపే, తప్పు జరిగినప్పుడు చేసే హెచ్చరికా తెలుపే.

ఆ తెర మీదికి రంగులు తేవడం చాలామంది అనుకునేంత కష్టం కాదు. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. సీ నేర్చుకున్నా, పైథాన్ నేర్చుకున్నా, జావా నేర్చుకున్నా పద్ధతి ఒక్కటే. పైగా ఈ చిన్న విద్య నేర్చుకునేటప్పుడే, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయన్న పెద్ద సంగతి కూడా బోధపడుతుంది. రంగును అలంకారమని పక్కన పెట్టకుండా, మొదటి నెలల్లోనే పాఠంగా చెప్పాలనడానికి కారణం ఇదే.

పత్తితో ఒక ఉదాహరణ చూద్దాం. భారత పత్తి సంస్థ, అంటే రైతులందరూ సీసీఐ అని పిలిచే సంస్థ, మద్దతు ధరకు పత్తి కొనేటప్పుడు తేమ చూస్తుంది. తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి మద్దతు ధర వస్తుంది. 8 దాటి 12 వరకు ఉంటే, పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం కోత పడుతుంది. 12 దాటిందంటే కొనరు. పత్తి పండించే ఇంట్లో ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు ఒక విద్యార్థి నలభై బండ్ల పత్తికి తేమ అంకెలు తీసుకుని, ఒక్కో బండికి ఒక్కో వరస చొప్పున తెర మీద చూపే ప్రోగ్రాం రాశాడనుకుందాం. నలభై వరసలూ తెల్లగానే ఉంటే, 12 దాటినవి ఎన్నో తెలియాలంటే ఒక్కో వరస చదువుకుంటూ పోవాలి. అదే 8 లోపువి ఆకుపచ్చగా, 8 నుంచి 12 వరకున్నవి పసుపుగా, 12 దాటినవి ఎర్రగా వస్తే, చదవకముందే కన్ను ఎర్ర వరసల మీద ఆగుతుంది. ప్రోగ్రాంలోని షరతులు అవే, ఒక ఇఫ్, రెండు ఎల్స్. కొత్తగా చేరేవి కొద్దిపాటి అక్షరాలు మాత్రమే.

ఆ కొద్దిపాటి అక్షరాలు ఏమిటి?

ప్రోగ్రాం తెరకు పంపేదంతా అక్షరాల వరసే. ప్రోగ్రాం అక్షరాలు పంపుతుంది, టెర్మినల్ వాటిని ఒక్కొక్కటే అందుకుని తెర మీద పెడుతుంది. ఆ రెండింటి మధ్య రంగుల కోసం వేరే దారి ఏదీ లేదు. అందుకని రంగు మార్చమనే మాట కూడా ఆ అక్షరాల మధ్య నుంచే పోవాలి. మరి ఇది రాయవలసిన అక్షరమా, పాటించవలసిన ఆదేశమా అని టెర్మినల్‌కు తెలిసేదెలా? అందుకోసమే అక్షరాల పట్టికలో ఒక ప్రత్యేకమైన గుర్తు ఉంది. దాని పేరు ఎస్కేప్, ఆస్కీ పట్టికలో దాని సంఖ్య 27. 1960ల్లో ఆ పట్టిక తయారైన రోజుల్లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చినవాడు బాబ్ బీమర్ అనే అమెరికన్ ఇంజినీరు. ఎస్కేప్ కనబడగానే టెర్మినల్ రాయడం ఆపి, తర్వాత వచ్చేది ఆదేశంగా తీసుకుంటుంది. ఆదేశం ముగిశాక మళ్లీ రాత మొదలుపెడుతుంది.

కాగితం, పెన్ను దగ్గరుంటే ఇక్కడి నుంచి రాసుకోవచ్చు. ప్రోగ్రాంలో ఎస్కేప్ గుర్తును రాసే పద్ధతి ఇది: బ్యాక్‌స్లాష్, దాని పక్కన సున్నా, మూడు, మూడు. 27ను ఎనిమిది మూలంగా లెక్కపెడితే 33 అవుతుంది, ముందు సున్నా చేర్చి రాస్తారు. దాని వెంటనే ఎడమవైపు స్క్వేర్ బ్రాకెట్. తర్వాత రంగు సంఖ్య. చివర చిన్న ఎమ్. మధ్యలో ఎక్కడా ఖాళీ వదలకూడదు. ఎరుపు సంఖ్య 31. అంటే బ్యాక్‌స్లాష్ సున్నా మూడు మూడు, స్క్వేర్ బ్రాకెట్, ముప్పై ఒకటి, ఎమ్. సీ భాషలో ప్రింట్‌ఎఫ్ కొటేషన్ల మధ్య దీన్ని రాసి, పక్కనే “తేమ ఎక్కువ” అని రాస్తే ఆ మాట ఎర్రగా వస్తుంది. పైథాన్‌లో ప్రింట్‌కు ఇచ్చే మాట ముందు పెట్టినా, జావాలో పెట్టినా ఫలితం అదే.

రంగు పని అయిపోగానే పాత స్థితికి రావాలి. దానికి సంఖ్య సున్నా. ఎరుపు మొదలుపెట్టి సున్నా పంపడం మరిచిపోతే, ఆ తర్వాత వచ్చేదంతా ఎర్రగానే ఉంటుంది. ప్రోగ్రాం ముగిశాక టెర్మినల్ చూపే ప్రాంప్ట్ కూడా చాలాసార్లు ఎర్రబారుతుంది. కంప్యూటర్ చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. లినక్స్‌లో రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కితే సరిపోతుంది. అయినా రంగు తెరిచిన ప్రతిచోటా దాన్ని మూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి. ఫైలు తెరిస్తే మూయడం, మెమరీ తీసుకుంటే తిరిగివ్వడం ముందు ముందు నేర్చుకోబోయే పాఠాలు. వాటికి కావలసిన క్రమశిక్షణ ఇక్కడే అలవడుతుంది.

ఇక రంగుల సంఖ్యల్లో చక్కని లెక్క ఒకటి దాగుంది. ఎనిమిది రంగులనూ బట్టీ పట్టక్కర్లేదు, మూడు గుర్తుంటే చాలు. ఎరుపుకు 1, ఆకుపచ్చకు 2, నీలానికి 4. తెర మీద రంగులు వెలుగుల కలయికతో పుడతాయి కాబట్టి మిగతావన్నీ కూడికలే. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే 3, అది పసుపు. ఎరుపు, నీలం కలిస్తే 5, అది వంగపండు ఛాయకు దగ్గరగా ఉండే మెజెంటా. ఆకుపచ్చ, నీలం కలిస్తే 6, అది సయాన్ అనే లేత నీలి పచ్చ. మూడూ కలిస్తే 7, తెలుపు. ఏదీ లేకపోతే సున్నా, నలుపు. ఈ అంకెకు 30 కలిపితే అక్షరం రంగు, 40 కలిపితే అక్షరం వెనకాల రంగు, 90 కలిపితే అదే రంగులో ఎక్కువ వెలుగున్న అక్షరం. ద్విసంఖ్యామానం ఎందుకు చదవాలో తెలియక విసుక్కునే విద్యార్థికి ఆ పాఠం ఇక్కడ కళ్ల ముందే కనబడుతుంది.

ఈ అంకెలు ఇప్పటివి కావు. 1970ల్లో కంప్యూటర్ ఒక గదిలో ఉంటే, దానికి తీగతో కలిపిన టెర్మినళ్లు బల్లల మీద ఉండేవి. ఒక్కో కంపెనీది ఒక్కో ఆదేశాల భాష. ఒకరి టెర్మినల్‌కు రాసిన ప్రోగ్రాం ఇంకొకరి దాని మీద పిచ్చి గీతలు గీసేది. ఈ గందరగోళాన్ని సర్దడానికి మొదట యూరప్‌లో ఈసీఎమ్ఏ 48 అనే ప్రమాణం, 1979లో అమెరికాలో ఆన్సీ ప్రమాణం వచ్చాయి. అందుకే ఈ సంకేతాలకు ఆన్సీ ఎస్కేప్ కోడ్లు అనే పేరు స్థిరపడింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100 టెర్మినల్ ఈ పద్ధతిని లోకమంతా వ్యాపింపజేసింది. ఆ వీటీ100కు రంగులు చూపే శక్తే లేదు. దాని తెర ఒకే రంగుది. అయినా అది అర్థం చేసుకున్న వ్యాకరణం అలాగే నిలిచి, నేటి టెర్మినళ్లలో ఒక కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు రంగుల దాకా ఎదిగింది.

తెలుగు రాష్ట్రాల కాలేజీల కథ మాత్రం వేరే దారిలో నడిచింది. 1981లో ఐబీఎమ్ తెచ్చిన పర్సనల్ కంప్యూటర్‌లో తెరను కంప్యూటరే నేరుగా నడిపేది. అక్షరాలను తీగ మీదుగా ఎక్కడికో పంపే పని లేదు. తెరకు కేటాయించిన మెమరీలో ఒక్కో అక్షరానికి రెండు బైట్లు ఉండేవి. ఒక బైటులో అక్షరం, రెండో బైటులో దాని రంగు. 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసల తెరకు మొత్తం 4000 బైట్లు. 1987లో బోర్లాండ్ కంపెనీ తెచ్చిన టర్బో సీ ఈ ఏర్పాటు మీదే నడిచింది. టెక్స్ట్‌కలర్, టెక్స్ట్‌బ్యాక్‌గ్రౌండ్ అనే ఫంక్షన్లు అందులో ఉండేవి. వరంగల్ కాలేజీల నుంచి హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల దాకా సీ నేర్చుకున్న కొన్ని తరాలకు ఆ నీలి తెర, ప్రోగ్రాం మొదట్లో క్లియర్‌స్క్రీన్, చివర్లో గెట్‌సీహెచ్ కంఠస్థం. టెక్స్ట్‌కలర్ పెట్టి మామూలు ప్రింట్‌ఎఫ్ రాస్తే రంగు రాకపోవడం, సీప్రింట్‌ఎఫ్ రాస్తేనే రావడం కూడా వాళ్లలో చాలామందికి అనుభవమే.

ఆ పాత నోట్సులు ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. వాటితో చిక్కు ఏమిటంటే, టర్బో సీ పదహారు బిట్ల డాస్ కాలపు సాఫ్ట్‌వేర్. 64 బిట్ల విండోస్ మీద అది నేరుగా నడవదు, డాస్‌బాక్స్ లాంటి అనుకరణ సాఫ్ట్‌వేర్ కావాలి. టెక్స్ట్‌కలర్ ఉన్న కోనియో హెడర్ ఫైలు సీ భాష ప్రమాణంలో భాగం కాదు కాబట్టి, జీసీసీ లాంటి కంపైలర్‌కు టెక్స్ట్‌కలర్ అనే పేరే తెలియదు. అంకెలు కూడా తిరగబడతాయి. టర్బో సీలో నీలానికి 1, ఎరుపుకు 4. ఆన్సీ పద్ధతిలో ఎరుపుకు 1, నీలానికి 4. ఎరుపు అంటే 4 అని నేర్చుకున్నవాడు అలవాటు కొద్దీ 34 రాస్తే తెర మీద నీలం వస్తుంది. ఇంజినీరింగ్, డిగ్రీ ల్యాబుల్లో ఇంకా టర్బో సీ వాడుతున్న అధ్యాపకులు జీసీసీకి మారితే, విద్యార్థికి ఈ రెండోసారి నేర్చుకునే బాధ తప్పుతుంది. ఉద్యోగంలో వాడబోయే పరికరమే చదువులోనూ చేతికి వస్తుంది.

విండోస్ చాలాకాలం ఆన్సీ కోడ్లను సొంతంగా అర్థం చేసుకోలేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ కోడ్లు పంపితే ఎడమవైపు చూసే ఒక బాణం గుర్తు, పక్కన బ్రాకెట్, 31, ఎమ్ యథాతథంగా కనబడేవి. 2015 చివర్లో వచ్చిన విండోస్ 10 నవీకరణతో ఈ పరిస్థితి మారడం మొదలైంది. 2020లో విండోస్ టెర్మినల్ పూర్తి రూపంలో విడుదలైంది, అందులో రంగులు ఏ ఏర్పాటూ లేకుండానే వస్తాయి. పాత కన్సోల్ కిటికీలోనే పని చేయాల్సి వస్తే, పైథాన్ విద్యార్థులకు కలరామా అనే ఉచిత లైబ్రరీ ఉంది. లినక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ ఈ ఇబ్బంది మొదటి నుంచీ లేదు.

ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లల సంగతి? ఊళ్లలో ల్యాప్‌టాప్ అందరి ఇళ్లలో ఉండదు, స్మార్ట్‌ఫోన్ మాత్రం చాలా ఇళ్లలో ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుంటే, చేతిలోనే ఒక లినక్స్ టెర్మినల్ ఉన్నట్టు. పీకేజీ ఇన్‌స్టాల్ పైథాన్ అని కొడితే పైథాన్ వస్తుంది, పైథాన్ బదులు క్లాంగ్ అని కొడితే సీ కంపైలర్ వస్తుంది. ఒక్కసారి డౌన్‌లోడ్ చేసుకున్నాక నెట్ లేకపోయినా పని చేస్తాయి. ల్యాబులో ఎర్రగా వచ్చిన మాట అదే కోడ్‌తో ఫోన్‌లోనూ ఎర్రగా వస్తుంది. దేవరుప్పుల బస్టాండులో కూర్చున్న విద్యార్థి, హైదరాబాద్ ఐటీ కంపెనీలో సర్వర్ చూసుకునే ఇంజినీరు వాడే అవే అంకెలు వాడగలగడం ఒక ప్రమాణం ఇచ్చిన సమానత్వం.

రంగు వేయడం వచ్చాక, ఎక్కడ వేయాలన్నది అసలు ప్రశ్న.

జనగామకు చేరువలోనే చేర్యాల ఉంది. 2016లో జిల్లాలు విడిపోయే దాకా అది వరంగల్ జిల్లాలోది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోది. అక్కడి నకాశీ కళాకారులు వేసే పటాల్లో వెనకాల ఎరుపు పరుచుకుని ఉంటుంది. దేవుడి ఒంటికి నీలం, దేవతకు పసుపు, రాక్షసుడికి ముదురు ఛాయ. పటం విప్పి కథ చెబుతుంటే, దూరంగా కూర్చున్నవాళ్లు కూడా వచ్చిందెవరో రంగును బట్టే పోల్చుకుంటారు. ఒక రంగుకు ఒక అర్థం, కథ చివరిదాకా అదే అర్థం. కన్సోల్ ప్రోగ్రాంకు కూడా ఇంతకు మించిన సూత్రం లేదు. తప్పుకు ఎరుపు, హెచ్చరికకు పసుపు, సరైనదానికి ఆకుపచ్చ అని మొదట నిర్ణయించుకుంటే, ప్రోగ్రాం అంతటా దానికే కట్టుబడాలి. శీర్షిక బాగుంటుందని ఇంకోచోట ఎరుపు వాడితే చూసేవాళ్లు తికమకపడతారు.

పెద్ద సాఫ్ట్‌వేర్లు చేసేదీ ఇదే. కోడ్‌లో జరిగిన మార్పులు చూపే గిట్, తీసేసిన వరసను ఎర్రగా, చేర్చిన వరసను ఆకుపచ్చగా చూపుతుంది. జీసీసీ కంపైలర్ 2014లో వచ్చిన 4.9 వెర్షన్ నుంచి తప్పులను రంగుల్లో చెబుతోంది. 2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13 తప్పు జరిగిన చోటును రంగులో ఎత్తిచూపుతుంది. తప్పు వచ్చినప్పుడు తెర నిండా పడే పది పదిహేను వరసల్లో ఏది చదవాలో తెలియక బెదిరిపోయే కొత్త విద్యార్థికి ఇది పెద్ద ఆసరా.

అయితే రంగు ఒక్కదాని మీదే భారం మోపకూడదు. ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా పోల్చుకోలేని చూపు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, మగవాళ్లలో ఇది ఎక్కువ. పత్తి ప్రోగ్రాంలో ఎర్ర వరస పక్కన “కొనరు” అనీ, పసుపు వరస పక్కన “కోత” అనీ, ఆకుపచ్చ వరస పక్కన “పూర్తి ధర” అనీ మాట కూడా రాస్తే ఎవరూ నష్టపోరు. నల్ల తెర మీద 34 సంఖ్య ముదురు నీలం సరిగా కనబడదు, బదులుగా 94 కానీ 36 కానీ వాడవచ్చు. కొందరు తెల్ల తెర పెట్టుకుంటారు, అక్కడ పసుపు వెలిసిపోతుంది. రాసిన ప్రోగ్రాంను రెండు రకాల తెరల మీదా ఒకసారి చూసుకోవడం మేలు.

ఇంకో రెండు చిక్కులు ప్రతి కొత్తవారికీ ఎదురవుతాయి. ఒకటి, వరసలు తప్పడం. పట్టికలో ఒక్కో గడికి పది అక్షరాల వెడల్పు అని చెప్పి, అందులో రంగు కోడ్ కలిపిన మాటను పెడితే గళ్లు చెదిరిపోతాయి. ఎరుపు కోడ్‌లో అయిదు గుర్తులు, సున్నా కోడ్‌లో నాలుగు, కలిపి కంటికి కనబడని తొమ్మిది గుర్తులను కూడా కంప్యూటర్ వెడల్పులో లెక్కేస్తుంది. ముందు మాటను గడికి సరిపెట్టి, ఆ తర్వాత దానికి రంగు తొడగాలి. రెండు, ఫైలులోకి పంపడం. ప్రోగ్రాం ఫలితాన్ని తెరకు బదులు ఫైలుకు మళ్లిస్తే రంగు కోడ్లన్నీ ఆ ఫైలులో చెత్తగా చేరతాయి. ఎదురుగా ఉన్నది తెరా, ఫైలా అని అడిగి తెలుసుకునే ఫంక్షన్ ఉంది, పేరు ఈజ్‌ఏటీటీవై. తెర అయితేనే రంగు వేయాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఎదురయ్యే సమస్య ఇంకొకటుంది. రంగులు నేర్చుకున్న విద్యార్థులు సరదాగా చేసే అభ్యాసం, ఒక పేరులో ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు వేయడం. ఇంగ్లీషు పేరుతో అది ఇట్టే అయిపోతుంది. దేవరుప్పుల అని తెలుగులో రాసి చేస్తే తెర మీద పేరు ముక్కలైపోతుంది. చదివేవారికి అందులో అయిదు అక్షరాలు: దే, వ, రు, ప్పు, ల. యూనికోడ్ లెక్కలో మాత్రం పది గుర్తులు. దకారం ఒకటి, దాని ఏత్వం ఒకటి. మొదటి పకారం, పొల్లు, రెండో పకారం, ఉకారం, ఇలా. యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు, మొత్తం 30 బైట్లు. ఒక్కో గుర్తు ముందు రంగు కోడ్ పెడితే దకారానికి, దాని ఏత్వానికి మధ్య కోడ్ అడ్డుపడి రెండూ విడిపోతాయి. ఒత్తులూ అంతే. అందువల్ల తెలుగులో మాటకో వాక్యానికో రంగు వేయాలి, లేదా అక్షరాన్ని దాని గుణింతం, ఒత్తులతో సహా ఒక కట్టగా విడదీసే పద్ధతి ముందు రాసుకోవాలి. ఆ విడదీసే ఫంక్షన్ రాయడం రెండో సంవత్సరం విద్యార్థికి మంచి ప్రాజెక్టు, తెలుగు కంప్యూటింగ్‌కు పనికొచ్చే ప్రాజెక్టు కూడా. తెలుగు అక్షరాలను సరిగా కూర్చలేని టెర్మినళ్లు ఇంకా ఉన్నాయి. వాటిని బాగుచేయడానికి ఆ సమస్యను సొంత భాషలో ఎదుర్కొన్న ప్రోగ్రామర్లు కావాలి.

ఈ వారంలోనే చేయదగిన పని ఒకటి. పత్తి తేమ ప్రోగ్రాంను మూడు రంగులతో రాసి నడపాలి. అది వచ్చాక వడ్లకు మార్చాలి. కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ పరిమితి 17 శాతం కాబట్టి అక్కడ రెండు రంగులు చాలు. ఆ తర్వాత వాటిని రెండు ఫంక్షన్లుగా విడగొట్టాలి. ఒకటి తేమ చూసి రంగు నిర్ణయించేది, ఇంకొకటి మాటకు రంగు తొడిగి, చివర సున్నా పెట్టి ఇచ్చేది. రెండో ఫంక్షన్‌ను ఇకముందు రాసే ప్రతి ప్రోగ్రాంలోనూ వాడుకోవచ్చు.

రాసుకుంటున్నవారి కోసం అంకెలు మరొక్కసారి. మొదలు: బ్యాక్‌స్లాష్, సున్నా, మూడు, మూడు, ఎడమ స్క్వేర్ బ్రాకెట్. ముగింపు: చిన్న ఎమ్. మధ్యలో రంగు సంఖ్య. ఎరుపు 31. ఆకుపచ్చ 32. పసుపు 33. నీలం 34. మెజెంటా 35. సయాన్ 36. తెలుపు 37. లావు అక్షరాలకు 1, కింద గీతకు 4. రెండు కావాలంటే మధ్యలో సెమికోలన్: ఒకటి, సెమికోలన్, ముప్పై ఒకటి అంటే లావుపాటి ఎరుపు. అన్నీ ఆపేయడానికి సున్నా.